చివరి చెయ్యి

తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. చోక్ కూడా అక్కర్లేకపోయింది. సన్నగా, తడబాటు లేకుండా తిరుగుతోంది.

"దీనికేం జబ్బమ్మా? గుర్రంలా ఉంది" అన్నాను.

"ఇరవై నిమిషాలు ఆగండి మావయ్యా. గుర్రం రోడ్డు మధ్యలో పడుకుంటుంది."

ఆ నోటితో మావయ్యా అని పిలిపించుకుని ఇరవై రెండేళ్ళయింది. అప్పుడు మా అక్క కూతురికి ఏడేళ్ళు. ముందు రెండు పళ్ళు లేవు. ఇప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళందరికీ పళ్ళ సెట్లు తయారుచేసే పని ఆమెదే. నీలం రంగు వెలిసిపోయిన ఆ కారు మా నాన్నది. అది మళ్ళీ నా షెడ్డు గడప దాటుతుందని నేను అనుకోలేదు. దాటకూడదన్నది నేనే.

వెనక ఎవరిదో కారు తలుపు సొట్ట తీస్తున్న టింకరు సుత్తి ఆపాడు. అతనికి అరవై దాటాయి. ఆ రోజు కూడా ఇక్కడే ఉన్నాడు. కారును చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ సుత్తి ఎత్తాడు గానీ కొట్టలేదు.

"వేరే మెకానిక్కులు దొరకలేదా?" అన్నాను. అడగాలనుకున్నది అది కాదు.

"నలుగురికి చూపించాను. ఒకాయన కంప్యూటర్ ఎక్కడ తగిలించాలా అని అరగంట వెతికాడు. ఇంకొకాయన, కార్బొరేటర్ అయితే ఏ తాతనో అడగాలమ్మా అన్నాడు. ఆ తాత మీరే."

"మీ నాన్న చూడొచ్చుగా."

ఆమె నా మొహంలోకి చూసింది. "నాన్నకి వినపడదు. మీకు తెలీదా?"

నాకు తెలీదు.

"కట్టెకోత మిల్లులో ఇరవై ఏళ్ళు చేశాడు కదా. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది పోయి రెండేళ్ళు. చెవిలో నోరు పెట్టి అరిస్తే సగం అందుతుంది."

టింకరు సుత్తి కింద పెట్టేశాడు.

మా బావని ఈ షెడ్డులో చెవి మేస్త్రీ అనేవారు. ఇంజన్ పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, "రెండోది ఆకలిగా ఉందిరా" అనేవాడు. విప్పి చూస్తే రెండో సిలిండరుకే పెట్రోలు తక్కువ అందుతూ ఉండేది. పెట్రోలులో గాలి కలిపే కార్బొరేటర్ సెట్ చేసేటప్పుడు ఆయన వినేవాడు, నేను స్క్రూ తిప్పేవాణ్ణి. మోతలో మాట అందదు కాబట్టి వేలితో చెప్పేవాడు. చూపుడు వేలు గాలిలో ఒక చుట్టు తిప్పితే పూర్తి తిప్పు. సగం చుట్టు అంటే సగం. పావు అంటే పావు. మా నాన్న చేతులు కట్టుకుని చూస్తూ మురిసిపోయేవాడు. "అల్లుడికి చెవులున్నాయి, కొడుక్కి చేతులున్నాయి. చెవులు చెప్పినట్టు చేతులు వింటే చాలు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

"శనివారం దాకానే టైముంది మావయ్యా. పది గంటలకి తుక్కు వాడొస్తాడు. అమ్మ మాట్లాడేసింది."

"ఎందుకంత తొందర?"

"పోయినవారం హైవే మీద ఆగిపోయాను. వెనకొచ్చే లారీ జానెడు దూరంలో బ్రేకు కొట్టింది. తాతని తిన్నది చాలదా, నా కూతుర్ని కూడా తినాలా అని అమ్మ."

"మీ అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? ఇంకోటి కొనుక్కో."

"కారు నా కోసం కాదు." ఆమె గొంతు తగ్గించింది. "రోజూ పొద్దున్నే నాన్న దీన్ని స్టార్ట్ చేసి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి పావుగంట నిలబడతాడు. ఈ లోకంలో ఆయనకి ఇంకా వినపడేది ఇదొక్కటే."

నేను తాళం అందుకున్నాను. అది బుధవారం.

బానెట్ ఎత్తగానే ముందు కనబడింది తెల్ల పెయింటుతో వేసిన చిన్న సున్నా.

మా నాన్న పెట్టిన నియమం అది. షెడ్డు నుంచి బయటికెళ్ళే ప్రతి బండికీ, పని ముగించినవాడు బానెట్ లోపల తన గుర్తు వెయ్యాలి. బావది సున్నా, నాది అడ్డగీత నిలువుగీత. అదే బండి మళ్ళీ పాడై తిరిగొస్తే వాదనలు లేవు. నియమం ఒక్క ముక్కలో ఉండేది: చివరి చెయ్యి ఎవరిదో తప్పు వాడిది.

ఈ కారు మీద చివరి గుర్తు ఆ సున్నాయే.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నాన్నకి గుండెలో నొప్పి వచ్చింది. నేను సామాన్లకి బజారుకెళ్ళాను. బావ ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరాడు. ఆసుపత్రికి పాతిక నిమిషాలు. ఇరవయ్యో నిమిషంలో, ఫ్లైఓవర్ నడినెత్తిన, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బావ ఎంత ప్రయత్నించినా అందుకోలేదు. వెనక బళ్ళు హారన్లు కొడుతూ పక్కనుంచి పోయాయి. చివరికి ఒక కూరగాయల వ్యాను ఆగింది. ఆసుపత్రి చేరేసరికి అరగంట ఆలస్యం. డాక్టరు వాచీ చూసుకుని, ఆ అరగంటే అన్నాడు.

మూడో రోజు నేను ఫ్లైఓవర్ దగ్గరికెళితే కారు మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. దాన్ని షెడ్డుకి తెచ్చి నేరుగా కార్బొరేటర్ విప్పాను. పెట్రోలు నిలిచే గిన్నె అడుగున, పెట్రోలు చిమ్మే జెట్టు పక్కన, ఆవగింజంత తుప్పు నలుసు. నాలుగు రోజుల క్రితం ఆ కార్బొరేటర్ కడిగింది బావ. సున్నా సాక్ష్యం.

షెడ్డులో పదిమంది ఉన్నారు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నేను ఆ నలుసుని అరచేతిలో పెట్టుకుని బావ ముక్కు కిందికి తీసుకెళ్ళాను.

"చెవులుంటే సరిపోదు బావా, కళ్ళు కూడా ఉండాలి. మా నాన్నని చంపింది ఇదీ, నువ్వూ."

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత నలుసు బండిని ఆపదురా" అన్నాడు, నెమ్మదిగా, ఒక్కసారే.

"మరి ఏం ఆపింది? చెప్పు."

ఆయనకి తెలీదు. ఆ క్షణానికి నిజంగా తెలీదు. తాళం ఆయన గుండెల మీదికి విసిరాను. ఈ పాడె నాకొద్దు, తీసుకుపో, మళ్ళీ ఈ గడప తొక్కొద్దు అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆయన వెనకే అక్క, తల వంచుకుని. నెల తిరక్కుండా కట్టెకోత మిల్లులో దుంగలు తోసే పనిలో చేరాడని తెలిసింది. బంగారంలాంటి పనివాడు పోయి రంపం దగ్గర నిలబడ్డాడని నలుగురూ అనుకున్నారు. నాకు మాత్రం తృప్తిగా అనిపించింది. అబద్ధమెందుకు.

బుధవారం సాయంత్రం కారు తీసుకుని హైవే ఎక్కాను. పక్కన మేనకోడలు. పంతొమ్మిదో నిమిషంలో ఎవరో పీక నొక్కినట్టు కారు ఊగింది. రెండుసార్లు దగ్గింది. ఆగింది.

ఆ దగ్గు ఎలా ఉంటుందో బావ అప్పుడు చెప్పాడు. నేను వినలేదు.

ప్లగ్గు విప్పి చూశాను. నీలంగా, బలంగా నిప్పు వస్తోంది. అంటే కరెంటు బాగానే ఉంది. కార్బొరేటర్ మూత తీశాను. గిన్నె ఎండిపోయి ఉంది. చుక్క లేదు.

"దాహంతో చచ్చిందన్నమాట" అన్నాను.

"ట్యాంకు నిండా ఉంది మావయ్యా."

"బావి నిండా నీళ్ళుంటే ఏం, చేంతాడు తెగితే?"

అరగంట తర్వాత అదే స్టార్ట్ అయింది, ఏమీ జరగనట్టు. షెడ్డుకి తెచ్చి కార్బొరేటర్ మొత్తం విప్పాను. గిన్నెలోకి పెట్రోలు వదిలే సూది అరిగిందేమోనని మార్చాను. జెట్లన్నిట్లో గాలి ఊదాను. వెలుతురుకి పెట్టి ఒక్కొక్క బెజ్జం చూశాను. గిన్నె అడుగున మళ్ళీ తుప్పు నలుసులు. ఒకటి కాదు, ఆరు. అన్నీ ఆవగింజంత. అవి ఉండగానే ఈ కారు ఇన్నేళ్ళు తిరిగింది.

ఆరింటినీ గుడ్డకి తుడిచేశాను. గిన్నె మళ్ళీ బిగించాను.

గురువారం పొద్దున్న ట్యాంకులో పుల్ల ముంచి పెట్రోలు చూసుకుని బయల్దేరాం. ఇరవయ్యో నిమిషంలో ఆగింది. ఈసారి ఇంజన్ పక్కన ఉండే పంపు విప్పాను. లోపలి రబ్బరు పొర పచ్చిగా, బిగువుగా ఉంది. అయినా మార్చాను. వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోతోందేమోనని తడిగుడ్డ చుట్టాను. ఆగింది. శుక్రవారం పొద్దున్న ఆరింటికి, చలిలో, వేడన్న మాటే లేనప్పుడు తీసుకెళ్ళాను. ఆగింది.

"మావయ్యా, నాకు పేషెంట్లుండరు గానీ పళ్ళుంటాయి. ఎదురుచూస్తుంటాయి" అంది ఆమె, మూడోరోజు కూడా సెలవు పెట్టి.

"మూడు రోజులుగా కార్బొరేటర్ని వాయిస్తున్నావు" అన్నాడు టింకరు. "నీకు దాని మీద పాత పగ ఏమైనా ఉందా?"

నిజమే. అప్పుడూ నేరుగా దాని దగ్గరికే వెళ్ళాను, ఇప్పుడూ దాని దగ్గరికే. దొంగ ఎవరో ముందే అనుకుని వేలిముద్రలు వెతుకుతున్నాను.

ఐదు లీటర్ల డబ్బాలో పెట్రోలు పోసి, బానెట్ కొక్కేనికి వేలాడదీసి, దానికి ట్యూబు పెట్టి నేరుగా కార్బొరేటరుకి కలిపాను. ట్యాంకుతోనూ పంపుతోనూ సంబంధం లేదు. షెడ్డులోనే ఇంజన్ని రేసు చేసి వదిలాను. ఇరవై నిమిషాలు. నలభై. గంట. ఆగలేదు.

కార్బొరేటర్ నిర్దోషి.

అన్నీ మళ్ళీ మామూలుగా బిగించి మధ్యాహ్నం మళ్ళీ హైవే ఎక్కాం. ఈసారి ఆగితే వెనక నుంచి మొదలుపెట్టాలనుకున్నాను. పంతొమ్మిదో నిమిషంలో కారు ఊగింది, దగ్గింది, ఆగింది. దిగి వెనక్కి నడిచాను. ట్యాంకు మూత పట్టుకుని తిప్పాను.

బుస్సుమని శబ్దం. బయటికి కాదు, లోపలికి. మునిగినవాడు నీటిపైకి తేలి గాలి మింగినట్టు, పొడుగ్గా, ఆత్రంగా.

"తాళం తిప్పమ్మా" అన్నాను.

రెండో తిప్పుకి అందుకుంది.

ట్యాంకులోంచి పెట్రోలు పోయిన మేరకు గాలి లోపలికి రావాలి. అందుకే ఆ కాలపు మూతలకి సూది దూరేంత బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోతే, సీసా నోటికి బిగించి నీళ్ళు పీల్చినట్టే. కాసేపు వస్తాయి. తర్వాత సీసాయే మన పెదాల్ని లాక్కుంటుంది. అరగంట వదిలేస్తే సందుల్లోంచి కొంచెం గాలి చేరి మళ్ళీ బతుకుతుంది. మూత తీస్తే వెంటనే బతుకుతుంది. షెడ్డులో బయల్దేరే ముందు ప్రతిసారీ పుల్ల ముంచడానికి మూత తీసింది నేనే. ప్రతిసారీ నా చేత్తో నేనే దానికి కొత్త ఇరవై నిమిషాలు పోశాను.

మూత తిరగేశాను.

లోపల బెజ్జం మీద ఎర్ర రబ్బరు వాషరు. లారీ ట్యూబులోంచి కత్తిరించింది. గుండ్రంగా ఉంది గానీ ఒక పక్క చిన్న నొక్కు. కత్తెర జారిన చోటు.

ఆ కత్తెర ఎలా జారిందో నాకు గుర్తుంది. ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

నాన్న పోయిన రోజు పొద్దున్న. కారులో పెట్రోలు వాసన కడుపులో తిప్పుతోందిరా అని నాన్న పదిరోజులుగా అంటున్నాడు. బావ చూద్దాంలే అన్నాడు. ఆయన చూసేలోపే నేను చెయ్యాలనుకున్నాను. ఎర్ర ట్యూబు కత్తిరించి, మూతలో పెట్టి, బిర్రుగా బిగించాను. నాన్న వంగి వాసన చూశాడు. నా భుజం మీద చరిచాడు. "పోయిందిరా. పర్లేదు, నీకూ బుర్రుంది" అన్నాడు. ఆ తర్వాత నేను బజారుకెళ్ళాను. నాన్న నాతో అన్న చివరి మాట అది. ఇరవై రెండేళ్ళుగా పెట్టెలో నగలా దాచుకున్న మాట.

బానెట్ లోపల గుర్తు వెయ్యలేదు. మూత బిగించినందుకు గుర్తెవరు వేస్తారు?

"ఇదెక్కడిదమ్మా?" మూత ఆమెకి చూపించాను.

"అదా, నేనే పెట్టాను. పోయిన నెల పెట్రోలు వాసనకి తల తిరిగిపోతుంటే. డాష్‌బోర్డు లోపల చిన్న తలనొప్పి బామ్ డబ్బా ఉంది, అందులో దొరికింది. మూతలో పెట్టి చూస్తే అచ్చంగా కూర్చుంది. కొలతలు నా కళ్ళకి తెలుస్తాయిగా." ఆమె ఆగింది. "కారు ఆగడం మొదలైంది కూడా పోయిన నెలే. నా వల్లేనా మావయ్యా?"

"నీ వల్ల కాదు."

"మరి?"

వాషరుని మూతలోంచి ఊడదీశాను. లెక్క దానంతటదే తేలుతోంది. ఆ రోజు నేను తాళం విసిరాక బావ ఈ కారులోనే ఇంటికెళ్ళాడు. దారిలో ఎక్కడో అది మళ్ళీ ఆగి ఉంటుంది. చెవి మేస్త్రీ మూత తిప్పి ఉంటాడు. ఆ బుస్సు ఆయనకి వినపడి ఉంటుంది. వాషరు చూశాడు. నా బొటనవేలి కట్టు చూసినవాడు, ఎర్ర ట్యూబు ఎవరు కత్తిరించారో ఆయనకి తెలుసు. మర్నాడు పొద్దున్న షెడ్డుకొచ్చి, పదిమంది ముందు, నా ముక్కు కింద ఆ వాషరు పెట్టి ఉండొచ్చు.

దాన్ని డబ్బాలో దాచి దుంగలు తొయ్యడానికి వెళ్ళాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక టింకరుకి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. అతను వాషరు తీసుకుని వేళ్ళ మధ్య వంచి చూశాడు.

"పారెయ్" అన్నాడు.

"ఏంటి?"

"బండి బాగైంది. రేపు తీసుకెళ్ళి ఇయ్యి. అక్కా తమ్ముళ్ళు కలుసుకుంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంట్లో అడుగు పెడుతున్నావు, దీన్ని కూడా వెంటబెట్టుకుని ఎందుకు? ఎవరికి తెలుసు?"

"నీకు తెలిసింది."

"నాకా? ఈ సుత్తి మోతలో నాకు సగం వినపడదు" అన్నాడు. అనేశాక ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసి మొహం తిప్పుకున్నాడు.

శనివారం తొమ్మిదిన్నరకి నేనే నడుపుకుంటూ వెళ్ళాను. వాషరు జేబులో ఉంది. పారెయ్యాలా ఇవ్వాలా అనేది దారిలో తేల్చుకోవచ్చనుకున్నాను. దారంతా కారు ఒక్కసారి కూడా దగ్గలేదు.

అక్క గేటు తీసింది. జుట్టు సగం నెరిసింది. నాన్న నుదురు ఆమెకొచ్చింది, ఇన్నాళ్ళూ నేను గమనించలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే కుశలం అడిగి పక్కకి తప్పుకునే మనిషి, ఈ రోజు నా చెయ్యి పట్టుకుంది.

"ముందు నాలుగు ముద్దలు తినాలి నువ్వు. ఎంత చిక్కిపోయావురా."

"తింటాలే అక్కా."

"నీ మొహం చూడ్డానికి ఇన్నేళ్ళూ నాకు సిగ్గేసింది. మా ఆయన చేతిలో పోయాడు నాన్న. నీ గడప ఏ మొహంతో ఎక్కను? అలాంటిది నువ్వే ఆ కారు బాగుచేసి తెచ్చావు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పెద్ద మనసు నీది. ఆయన్ని క్షమించావు."

జేబులో వాషరు వేళ్ళకి తగిలింది. టీ పెడతానని లోపలికెళ్ళింది.

బావ అప్పటికే కారు పక్కన ఉన్నాడు. భుజాలు వంగాయి. ఎడమచేతి రెండు వేళ్ళకి కొసలు లేవు, రంపం తీసుకుంది. నన్ను చూసి నవ్వి, ఇంజన్ ఆపొద్దని సైగ చేసి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అప్పట్లో విన్నప్పుడు ఉండే మొహమే. చెవుల పని చెయ్యి చేస్తోంది, అంతే.

ఆయన కళ్ళు తెరిచేసరికి నా అరచేతిలో వాషరు ఉంది. అప్పుడు నలుసు పెట్టుకుని చూపించిన చెయ్యే ఇది.

ఆయన చూశాడు. ఆశ్చర్యపోలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి పిడికిలి మూశాడు.

"జేబులో పెట్టుకో" అన్నాడు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి మరీ లోగొంతుతో మాట్లాడతాడు. "మీ అక్క వస్తుంది."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. శబ్దం లేకపోయినా పెదాలు చదివాడు.

"అప్పుడే నాన్న పోయాడు నీకు. నీ చేత్తోనే పోయాడని ఎలా చెప్పనురా? నేను బయటినుంచి వచ్చినవాణ్ణి. బయటికి పోగలను. నువ్వెక్కడికి పోతావు?"

"మరి దీన్ని ఎందుకు దాచావు?"

ఆయన బానెట్‌ని అరచేత్తో ఒకసారి తుడిచాడు.

"అందరూ నా తప్పేనంటుంటే ఒక్కోసారి నాకూ నిజమేమోననిపించేది. అనిపించినప్పుడల్లా డబ్బా తీసి చూసుకునేవాణ్ణి. పారేస్తే నేనే నమ్మేస్తానని భయమేసింది."

లోపల గ్లాసుల చప్పుడు. చెప్పుల చప్పుడు. ఆయనకి అవి వినపడలేదు గానీ నా కళ్ళు గుమ్మం వైపు పోవడం చూసి, వద్దని తల అడ్డంగా ఊపాడు. ఈ ఇంటికి ఇప్పుడే మళ్ళీ తమ్ముడు దొరికాడు, పాడు చెయ్యకు అని ఆ తల చెబుతోంది.

ఆ రోజు నేను పదిమందిలో అరిచాను. ఈ మాట గుసగుసగా చెప్తే చాలదు. అసలు గుసగుసగా చెప్తే ఆయన కళ్ళకి అందుతుంది గానీ చెవికి అందదు.

ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి నా శక్తికొద్దీ అరిచాను. "బావా, నాన్న కారు ఆగింది నా వల్ల. నువ్వు కాదు. వాషరు పెట్టింది నేను. నా చేతుల్తో నేనే పెట్టాను. నువ్వు కాదు."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మేనకోడలు వరండాలోకి వచ్చి నిలబడిపోయింది. అక్క చేతిలో ట్రే అలాగే ఉంది. దాన్ని మెల్లగా మెట్టు మీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు.

నేను పిడికిలి విప్పి చూపించాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. వాసన, ట్యూబు, నాన్న చరిచిన చరుపు, డబ్బా. చెప్పినంతసేపూ ఇంజన్ తిరుగుతూనే ఉంది.

అక్క భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

బావ చెయ్యి చెవి దగ్గర పెట్టి వినపడలేదన్నట్టు మొహం పెట్టాడు.

"నా దగ్గర వద్దు ఆ నాటకం. ఆమడ దూరాన పెదాలు కదిలితే చదివేస్తావు."

ఆయన చెయ్యి దించాడు. తల వంచాడు.

అక్క నా వైపు తిరిగింది. కోపంగా ఉంటే బాగుండేది. కోపం లేదు.

"ఇరవై రెండేళ్ళు ఈయన పక్కనే ఉండి మా నాన్న ఊసు ఒక్కసారి ఎత్తలేదురా నేను. ఎత్తితే నింద వేసినట్టవుతుందని. నాన్న జోకులు, నాన్న తిట్లు, అన్నీ లోపలే కుక్కుకున్నాను. ఈయనా ఎత్తలేదు. ఇప్పుడు మాట్లాడదామంటే" అని ఆగింది. "ఇప్పుడు ఈయనకి చెవులు లేవు."

అక్కా అన్నాను.

గేటు ముందు లారీ ఆగింది. తుక్కు వాడు దిగి, తాడు భుజాన వేసుకుని, కారు చుట్టూ ఒక చూపు చూశాడు. "ఇదేనామ్మా?"

"కాదు" అంది అక్క.

"నీలం కారన్నారు కదమ్మా."

"పొరపాటు పడ్డాం. ఇది కాదు. వెళ్ళు."

అతను నన్ను, బావని, తిరుగుతున్న ఇంజన్ని చూసి, మంచి రోజు చూసి రమ్మన్నారు అని గొణుక్కుంటూ పోయాడు.

అక్క కూతురికి సైగ చేసింది. "నడుపు. ఎక్కడికైనా సరే."

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. బావ పక్కన. అక్క వెనక తలుపు తీసింది. ఇరవై రెండేళ్ళలో ఆ కారుని ముట్టుకోని మనిషి, లోపలికి వంగి, నాన్న పడుకున్న సీటుని అరచేత్తో ఒకసారి తడిమి, అక్కడే కూర్చుంది. తలుపు వేసుకుంది. నా వైపు చూడలేదు.

మెట్టు మీద నాలుగు గ్లాసుల టీ అలాగే ఉంది.

కారు కదిలింది. బావ చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఉంది. గేటు దాటుతుండగా ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నాకు కనపడేలా చూపుడు వేలు ఎత్తాడు. కొస లేని వేలు. దాన్ని ఎడమకి తిప్పాడు, కొంచెమే.

పావు తిప్పు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం, స్లో, కాస్త ఎక్కువ పెట్టాను, తగ్గించాలి.

నా చెయ్యి దానంతటదే జేబులోని స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. పావు తిప్పుకి ఎంతసేపు పడుతుంది, రెండు క్షణాలు. కానీ కారు ఆపి చెయ్యాల్సిన పని అది. వెనక అద్దంలోంచి అక్క తల కనబడుతోంది, నిటారుగా, ముందుకే చూస్తూ.

వాళ్ళు ఆపలేదు.